భూమి జరిగిన వేళ: సముద్ర గర్భంలోని గొట్టపు మార్గాలు

మన పాతపట్నాన్ని ఒరుసుకొని ప్రవహించే మహేంద్రతనయ కొండలలో కరిగించి తెచ్చిన మట్టినీ, ఇసుకనూ వంశధారకు అప్పగిస్తుంది. వంశధార దానిని కళింగపట్నం వద్ద సముద్రుని పాలు చేస్తుంది. అంతటితో ఆ ఇసుక కథ ముగిసినదని మనం తలపోస్తాము. కాని సముద్రం అడుగున ఆ కథకు రెండవ అధ్యాయం ఉన్నది. కోట్ల సంవత్సరాలుగా నదులు మోసుకొనివచ్చిన ఒండ్రుమట్టి బంగాళాఖాతం అడుగున పొరలు పొరలుగా పేరుకొని, ఆ పొరల నడుమ చిక్కిన జీవావశేషాలు చమురుగా, సహజవాయువుగా మారినవి. వంశధార కంటే ఎన్నో రెట్లు పెద్దవైన గోదావరి, కృష్ణా నదుల ముఖద్వారాల ఎదుట ఈ నిక్షేపాలు సమృద్ధిగా ఉన్నవి. వాటిని ఒడ్డుకు చేర్చేందుకు నేడు మన రాష్ట్రపు సముద్ర గర్భంలో ఉక్కు గొట్టాలు పరచి ఉన్నవి.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. నేల ఎక్కడైనా కదలవచ్చును గదా! సముద్రపు అడుగున భూమి చీలి, ఒక పక్క ఒక దిశకు, మరొక పక్క ఇంకొక దిశకు జరిగితే, ఆ రెండింటి మీదుగా సాగిపోతున్న గొట్టం గతి ఏమి? అది తెగుతుందా, వంగుతుందా, నిలుస్తుందా? ఈ ప్రశ్నకు శాస్త్రం ఇచ్చే సమాధానాన్ని మన విద్యార్థిలోకానికి వివరించడమే ఈ వ్యాస లక్ష్యం.

మన తీరంలోని గొట్టపు మార్గాలు

కృష్ణా-గోదావరి పరీవాహ ప్రాంతపు సముద్రంలో రవ్వ చమురు క్షేత్రం 1987లో కనుగొనబడినది. 1993లో ఉత్పత్తి ఆరంభమైనది. అది తీరానికి దగ్గర, లోతు తక్కువ. తరువాత 2002లో కె.జి.-డి6 అనే లోతు సముద్ర క్షేత్రంలో సహజవాయువు బయటపడినది. 2009 ఏప్రిల్‌లో ఆ వాయువు సముద్రపు అడుగున పరచిన గొట్టాల ద్వారా కాకినాడ సమీపాన గాడిమొగ వద్ద ఒడ్డుకు చేరినది. అందలి తొలి బావులు 2020 ఫిబ్రవరిలో మూతపడినా, అదే సంవత్సరం డిసెంబరులో 'ఆర్ క్లస్టర్' అనే కొత్త క్షేత్రం పనిచేయనారంభించినది. అక్కడ నీటిలోతు 2000 మీటర్లకు పైమాటే. 2024 జనవరిలో ఓ.ఎన్.జి.సి. వారి లోతు సముద్ర క్షేత్రం నుండి కూడ తొలి చమురు వెలువడినది.

ఇది దూరపు విషయమని మనం అనుకోరాదు. యూరియా తయారీకి సహజవాయువే ప్రధానమైన ముడిసరుకు. మన వంశధార ఆయకట్టు రైతు భుజాన మోసుకొనిపోయే ఎరువుల బస్తా వెనుక ఎక్కడో ఒక వాయు గొట్టం ఉన్నది. అంతేగాక ఆ గొట్టాలు పరచిన సముద్రమే వేలాది మత్స్యకార కుటుంబాలకు అన్నం పెట్టే పొలం. గొట్టం తెగితే నష్టం కంపెనీ లెక్కల పుస్తకంతో ఆగదు. వలవేసి బ్రతికే వాని పడవ వరకు వస్తుంది.

భ్రంశం అనగా నేమి?

భూమి పైపెంకు ఒకే పలక కాదు. అందులో ఎన్నో పగుళ్లు ఉన్నవి. పగులుకు ఇరువైపుల ఉన్న శిలలు ఒకదానిపై నొకటి జరిగి ఉంటే ఆ పగులును భూగర్భ శాస్త్రజ్ఞులు 'భ్రంశం' అంటారు. భూగర్భంలోని బలాలు ఈ రెండు పక్కలను ఎల్లవేళలా తోస్తూనే ఉంటాయి. రాపిడి వలన శిలలు కొన్ని వందల ఏండ్లు కదలక నిలుస్తాయి. ఆ కాలమంతా లోపల శక్తి పోగవుతూ ఉంటుంది. ఒకనాడు రాపిడి ఓడిపోతుంది. శిలలు క్షణకాలంలో జారుతాయి. ఆ జారుడు వలన పుట్టిన తరంగాలనే మనం భూకంపంగా అనుభవిస్తాము.

భ్రంశాలు మూడు తీరులు. ఒక పక్క దిగువకు జారి, నేల సాగిపోయేది సామాన్య భ్రంశం. ఒక పక్క రెండవ దానిపైకి ఎక్కి, నేల కుంచించుకొనిపోయేది ఉత్క్రమ భ్రంశం. రెండు పక్కలూ మట్టం మారకుండ, ఎదురెదురు దిశలలో ప్రక్కకు జరిగేది పార్శ్వ భ్రంశం. ఈ మూడింటి భేదం గుర్తుంచుకోవాలి. గొట్టం బ్రతుకు చాలవరకు దీనిపైనే ఆధారపడి ఉన్నది.

కంపనం వేరు, జారుడు వేరు

మన ఉర్దూ సోదరులు భూకంపాన్ని 'జల్‌జలా' అంటారు. ఒకే ధ్వని రెండుమార్లు వచ్చి ఆ పదమే వణకుతున్నట్లు తోస్తుంది. తెలుగులోని 'భూకంపం' కూడ కంపించడాన్నే చెబుతున్నది. ఇండ్లలో నివసించే మానవునికి కంపనమే శత్రువు గనుక రెండు భాషలూ ఆ పేరే పెట్టినవి. గొట్టానికి మాత్రం అసలు శత్రువు కంపనం కాదు, జారుడు.

చిన్న లెక్కతో దీనిని గ్రహించవచ్చును. భూకంప తరంగం నేలలో సాగేటప్పుడు గొట్టంలో కలిగే సాగుదల, నేల రేణువు కదిలే వేగాన్ని తరంగ వేగంతో భాగిస్తే వచ్చే విలువను మించదు. నేల సెకనుకు అర మీటరు వేగంతో ఊగినదనుకొందాం. అది తీవ్రమైన ఊపే. తరంగ వేగం సెకనుకు 2000 మీటర్లు. భాగిస్తే వచ్చేది 0.00025. అనగా మీటరు పొడవు గల గొట్టం పావు మిల్లీమీటరు మాత్రమే సాగుతుంది. చక్కగా అతికిన ఉక్కు గొట్టానికి ఇది లెక్కలోనిది కాదు. పైగా గొట్టం నేలతోపాటే ఊగుతుంది. గోడకు, పైకప్పుకు వచ్చే ఇక్కట్టు దానికి రాదు.

కాని గొట్టం దాటిపోయే చోటనే భ్రంశం రెండు మీటర్లు జరిగితే, ఆ రెండు మీటర్ల తేడాను గొట్టం తనలో ఎక్కడో ఇముడ్చుకొనవలసి వస్తుంది. తప్పించుకొనే దారి లేదు.

కొబ్బరి ఈనె చెప్పే పాఠం

విద్యార్థులు ఒక చిన్న ప్రయోగం చేసి చూడవచ్చును. కొబ్బరి చీపురు నుండి ఒక ఎండు ఈనె తీసికొనండి. రెండు చేతుల నడుమ మూరెడు ఎడం ఉంచి, రెండు కొనలనూ పట్టుకొని, ఒక చేతిని అంగుళం మేర ప్రక్కకు జరపండి. ఈనె మెల్లగా వంపు తిరుగుతుంది; విరగదు. ఇప్పుడు రెండు చేతులనూ అంగుళం ఎడంగా దగ్గరకు తెచ్చి, మునుపటి అంగుళమే జరపండి. ఈనె పుటుక్కున విరుగుతుంది. ఈనె మారలేదు; జరిపిన దూరమూ మారలేదు. పట్టు మాత్రమే మారినది.

సముద్రపు అడుగున గొట్టాన్ని పట్టుకొనే చేతులు మట్టి, ఇసుక. గొట్టాన్ని లోతుగా పూడ్చి, పైన రాళ్లు కప్పి బిగిస్తే, భ్రంశానికి ఇరువైపుల కొద్ది దూరంలోనే నేల దానిని గట్టిగా పట్టుకొంటుంది. భ్రంశపు జారుడంతా ఆ కొద్ది పొడవులోనే ఇమడాలి. గొట్టం నేలపై వదులుగా పడి ఉంటే, అది రెండు వైపులా చాల దూరం జారి, ఆ భారాన్ని పొడవైన భాగానికి పంచుకొంటుంది.

ఈ విషయాన్ని గణితంలో నిలబెట్టినవారు అమెరికా ఇంజనీర్లు నాథన్ న్యూమార్క్, విలియం హాల్. 1975లో వారు పార్శ్వ భ్రంశాన్ని దాటే గొట్టానికి ఒక సులభమైన లెక్క చూపినారు. ఒక ఉదాహరణ తీసికొందాం. భ్రంశం 2 మీటర్లు జరిగినది. గొట్టం భ్రంశ రేఖను 60 డిగ్రీల కోణంలో దాటుతున్నది. జారుడు దానిని సాగదీసే దిశలో ఉన్నది. 60 డిగ్రీల కొసైను విలువ సగం గనుక, గొట్టం పొడవు దిశలో పడే సాగుదల 1 మీటరు. మట్టి పట్టు వదులుగా ఉండి, ఇరువైపుల నూరేసి మీటర్ల పొడవు ఈ భారాన్ని మోస్తే, ఒక మీటరు సాగుదల 200 మీటర్లకు పంచబడుతుంది. అనగా నూటికి అర వంతు, మీటరుకు 5 మిల్లీమీటర్లు. మట్టి గట్టిగా బిగించి ఇరువైపుల ఇరవై ఐదేసి మీటర్లనే వదిలితే, అదే సాగుదల 50 మీటర్లలో ఇమడాలి. అప్పుడు నూటికి 2 వంతులు, మీటరుకు 20 మిల్లీమీటర్లు. గొట్టం అడ్డంగా వంగడం వలన కలిగే సాగుదల కూడ కొంత ఉన్నది గాని, ఈ ఉదాహరణలో అది స్వల్పం.

గొట్టపు ఉక్కు మీటరుకు సుమారు 2 మిల్లీమీటర్లు సాగేవరకు, బలం తొలగించగానే యథాస్థితికి వస్తుంది. అది దాటితే శాశ్వతంగా సాగుతుంది. కాని వెంటనే తెగదు. మంచి ఉక్కు తెగేముందు నూటికి పదిహేను వంతులకు పైగా సాగగలదు. ఈ సాగే గుణమే గొట్టానికి ప్రాణరక్ష. 5 మిల్లీమీటర్ల సాగుదలను అది సులువుగా ఓర్చుకొంటుంది. 20 మిల్లీమీటర్ల వద్ద పరీక్ష ఉక్కుకు కాదు, అతుకుకు. వెల్డింగు అతుకులో దాగిన చిన్న లోపం ఆనాడు బయటపడుతుంది. పైన చెప్పినవి సగటు విలువలనీ, వంపు తిరిగిన చోట అసలు సాగుదల ఇంకా ఎక్కువనీ మరువరాదు.

లాగుడు మేలు, నొక్కుడు కీడు

ఉక్కు గొట్టం లాగుడుకు ఎంతగా ఓర్చుతుందో, నొక్కుడుకు అంతగా ఓర్వదు. సన్నని డబ్బాను రెండు కొనల నుండి లాగితే మనవల్ల కాదు. నిలువున కాలితో నొక్కితే ముడతలు పడుతుంది. గొట్టపు గోడ కూడ అంతే. సాగదీసినపుడు నూటికి రెండు వంతులు భరించగల గొట్టం, నొక్కబడినపుడు అంతకు చాల తక్కువలోనే ముడత పడుతుంది. ముడత పడిన చోటనే తరువాతి వంపు అంతా పోగవుతుంది. పగులు అక్కడే మొదలవుతుంది.

కావున పార్శ్వ భ్రంశాన్ని దాటవలసినపుడు, జారుడు వలన గొట్టం సాగే విధంగానే కోణాన్ని ఎన్నుకోవాలి. అదే కోణం అవతలి దిశకు తిరిగి ఉంటే గొట్టం నొక్కబడుతుంది. సామాన్య భ్రంశం గొట్టాన్ని సాగదీస్తుంది గనుక కొంత మేలు. కాని ఒక పక్క దిగబడుటచే మెట్టు ఏర్పడి, గొట్టం కొంత దూరం నేల తగలక వ్రేలాడుతుంది. సముద్రపు అడుగు ప్రవాహాలు ఆ వ్రేలాడే భాగాన్ని తంబుర తీగవలె కంపింపజేస్తూ పోతే, భూకంపంలో తెగనిది కొన్ని మాసాల తరువాత అలసి తెగవచ్చును. ఉత్క్రమ భ్రంశం అన్నిటిలో కఠినమైనది. నేల కుంచించుకొనిపోయి గొట్టాన్ని రెండు వైపుల నుండి నొక్కుతుంది. వీలైనంతవరకు అట్టి భ్రంశాన్ని చుట్టుదారిన తప్పించడమే శ్రేయస్కరం.

నీటి బరువు

ఇంతవరకు చెప్పినది నేల మీది గొట్టానికీ వర్తిస్తుంది. సముద్రంలో మరొక బలం తోడవుతుంది. అది నీటి పీడనం. ప్రతి పది మీటర్ల లోతుకు సుమారు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతూ, 2000 మీటర్ల అడుగున అది 200 వాతావరణాలకు చేరుతుంది. అనగా గొట్టపు ప్రతి చదరపు సెంటీమీటరుపై సుమారు 200 కిలోల బరువు. గుండ్రని ఆకారం ఉన్నంతకాలం గొట్టం ఈ బరువును తట్టుకొంటుంది. భ్రంశపు జారుడు వలన అది వంగి, గుండ్రదనం చెడి కొంచెం అండాకృతి దాల్చినదా, ఓర్పు తగ్గిపోతుంది. అప్పుడు నీరు దానిని చప్పిట చేయవచ్చును.

ఇందులో భయంకరమైన విషయం ఏమనగా, ఆ చప్పిట అక్కడితో ఆగదు. లోతు ఎక్కువైతే ఆ నొక్కు గొట్టం పొడవునా కిలోమీటర్ల కొద్దీ పరుగులిడుతుంది. గొట్టాన్ని తొలుత నొక్కడానికి కావలసిన పీడనం కంటే, మొదలైన నొక్కును సాగించడానికి తక్కువ పీడనమే చాలును. అందుచేత ఇంజనీర్లు గొట్టంలో అక్కడక్కడ దళసరి ఉక్కు కట్లు అమర్చుతారు. నొక్కు అక్కడికి వచ్చి ఆగుతుంది. ఇంటి దూలానికి చెద పట్టినపుడు మధ్యలో ఇనుప పట్టీ వేసినట్లు ఒక భాగం పోయినా మిగిలినది దక్కుతుంది. గొట్టం లోపలి వాయు పీడనం కూడ బయటి నీటికి ఎదురు నిలుస్తుంది. కావున భూకంపానంతరం తొందరపడి లోపలి వాయువును పూర్తిగా వదిలివేస్తే బయటి నీరే గెలిచే ప్రమాదం ఉన్నది.

సముద్రంలో ఒక అనుకూలత కూడ ఉన్నది. తీరానికి దగ్గర, పడవల లంగర్లు, వలల బరువులు, తుఫాను అలలు తగలకుండ గొట్టాన్ని కాలువ తవ్వి పూడ్చుతారు. లోతు సముద్రంలో ఆ బెడద తక్కువ గనుక గొట్టాన్ని నేలపైననే పరుస్తారు. అది ఈనెను దూరంగా పట్టుకొన్నట్లు. భ్రంశం జరిగినపుడు గొట్టం ప్రక్కకు జరిగి మెలి తిరిగేందుకు అక్కడ చోటు ఉన్నది. లంగరు నుండి కాపాడే పూడికే భ్రంశం దగ్గర హాని చేస్తున్నది. ఒక ప్రమాదానికి వేసిన మందు మరొక ప్రమాదానికి విషమైనట్లు, ఈ రెంటి నడుమ సమతూకం కనుగొనడమే ఇంజనీరు నేర్పు.

నేల జారితే

భ్రంశం గొట్టాన్ని తాకకపోయినా, దూరంలో కలిగిన భూకంపం సముద్రపు వాలులోని మెత్తని మట్టిని కదల్చవచ్చును. దీనికి చరిత్రలో గొప్ప నిదర్శనం 1929 నవంబరు 18న ఉత్తర అట్లాంటిక్‌లో, న్యూఫౌండ్‌లాండ్ దక్షిణాన గ్రాండ్ బ్యాంక్స్ వద్ద కనిపించినది. 7.2 తీవ్రత గల భూకంపం వచ్చిన తరువాత, సముద్రం అడుగున ఉన్న పన్నెండు తంతి తీగలు తెగినవి. వాలుకు ఎగువన ఉన్నవి తొలుత, దిగువన ఉన్నవి గంటల తరువాత ఒకదాని వెంట ఒకటిగా తెగినవి. 1952లో హీజెన్, ఈవింగ్ అనే శాస్త్రజ్ఞులు ఆ తెగిన వేళలను వరుసగా పేర్చి చూసి, భూకంపం కదల్చిన బురద ప్రవాహం వాలు వెంట పరుగులిడుతూ తీగలను కోసుకొంటూ పోయినదని నిర్ణయించినారు. ఆనాటి తీగలకు జరిగినదే నేటి గొట్టాలకూ జరుగవచ్చును. అందుచేత గొట్టానికి దారి నిర్ణయించేవారు భ్రంశాలను మాత్రమే గాక, వాలులనూ, పాత జారుడుల గుర్తులనూ చదవవలసి ఉన్నది.

రెండు పరీక్షలు

సిద్ధాంతం ఎంత చక్కనిదైనా ప్రకృతి పెట్టే పరీక్షలో నెగ్గాలి. నేల మీద జరిగిన రెండు పరీక్షలు సముద్రానికీ పాఠాలుగా నిలిచినవి.

మొదటిది అలాస్కాలో. అక్కడి చమురు గొట్టపు మార్గం డెనాలి భ్రంశాన్ని దాటుతుంది. 1970వ దశకంలో దానిని కట్టిన ఇంజనీర్లు ఆ చోట గొట్టాన్ని పూడ్చలేదు. నేలపై అడ్డంగా పొడవైన దూలాలు వేసి, వాటిపై నున్నని పాదాలతో గొట్టం అటూ ఇటూ జారేటట్లు పరచినారు. భూమి దాదాపు ఆరు మీటర్లు జరిగినా తట్టుకోవాలని వారి లెక్క. 2002 నవంబరు 3న 7.9 తీవ్రత గల భూకంపం వచ్చినది. గొట్టం దాటే ప్రాంతంలో నేల నాలుగు మీటర్లకు పైగా జరిగినది. కొన్ని ఆధారాలు దెబ్బతిన్నవి. గొట్టం దూలాలపై జారినది. ఒక్క చుక్క చమురు కూడ ఒలకలేదు. పాతికేండ్ల క్రిందటి లెక్క ఆ ఒక్క దినాన సార్థకమైనది.

రెండవది తుర్కీలో. 1999 ఆగస్టు 17 నాటి భూకంపంలో కుల్లర్ అనే చోట 2.2 మీటర్ల వ్యాసం గల మంచినీటి ఉక్కు గొట్టం క్రింద భ్రంశం సుమారు మూడు మీటర్లు జరిగినది. ఆ గొట్టం పూడ్చబడి ఉన్నది. దాటిన కోణం నొక్కుడుకు అనువైనది. ఫలితంగా గొట్టం ముడతలు పడి నీరు కారినది. అయినను అది పూర్తిగా తెగలేదు. కొంతకాలం నీరు ప్రవహిస్తూనే ఉన్నది. ఉక్కు సాగే గుణమే దానిని అంతమాత్రమైనా కాపాడినది. కాని మంచినీరు కారితే నేల తడుస్తుంది. వాయువు కారితే జరిగేది వేరు.

మన తీరం నిశ్చలమా?

మనది హిమాలయ ప్రాంతం కాదు. 2002 నాటి భారత భూకంప మండల పటంలో విశాఖపట్నం రెండవ మండలంలోను, విజయవాడ మూడవ మండలంలోను ఉన్నవి. ఆ పటంలో రెండవ మండలమే అత్యల్ప ప్రమాద మండలం. ఇది చూచి మనం నిశ్చింతగా నిదురించవచ్చునా?

1967 మార్చి 27న ఒంగోలులో 5.4, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రత గల భూకంపాలు వచ్చినవి. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రత గల భూకంపం గోదావరి లోయను కదిలించినది. సముద్రం మాటకు వస్తే, 2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో 6.0 తీవ్రత గల భూకంపం వచ్చి, ఒడిశా నుండి మద్రాసు వరకు తీరవాసులను మేల్కొలిపినది. అది చాల లోతున పుట్టినందున సముద్రపు అడుగు చీలలేదు. 2012 ఏప్రిల్ 11న సుమత్రాకు పశ్చిమాన హిందూ మహాసముద్రంలో 8.6 తీవ్రతతో పార్శ్వ భ్రంశాలు జారినవి. ఫలకాల అంచున కాక, ఫలకం లోపలనే ఇంత పెద్ద జారుడు సంభవించగలదని అది నిరూపించినది.

అన్నిటికంటె మనం మరువరానిది కిల్లారి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, గణేశ నిమజ్జనం ముగించి నిదురిస్తున్న ఆ మరాఠ్వాడా గ్రామాలను 6.2 తీవ్రత గల భూకంపం నేలమట్టం చేసినది. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయినారు. నాటి పటంలో ఆ ప్రదేశం అత్యల్ప ప్రమాద మండలంలో ఉండినది. పటంలో భయం లేదని వ్రాసి ఉన్నంత మాత్రాన భూమి ఆ వ్రాత చదివి నడుచుకొనదు.

మన తీరానికి మరొక విశేషం ఉన్నది. కృష్ణా-గోదావరి ముఖద్వారాల ఎదుట పేరుకొన్న ఒండ్రు తన బరువుకు తానే క్రుంగుతూ, సముద్రం వైపు మెల్లగా జారుతూ ఉంటుంది. ఆ జారుడు వలన ఒండ్రు పొరలలో 'పెరుగుదల భ్రంశాలు' అనే వంపు తిరిగిన పగుళ్లు ఏర్పడినవి. వీటికి పెద్ద భూకంపం అక్కరలేదు; మెల్లమెల్లగా పాకుతాయి. ఏడాదికి వెంట్రుకవాసి జరిగినా, గొట్టం ఆయుర్దాయమైన ఇరవై, ముప్పై ఏండ్లలో అది లెక్కలోనికి వస్తుంది. కావున మన సముద్రంలో ఇంజనీరు రెండు తీరుల కదలికకు సిద్ధపడవలసి ఉన్నది: అరుదుగా, అకస్మాత్తుగా వచ్చే జారుడు ఒకటి, ఎల్లవేళలా సాగే క్రుంగుదల రెండవది.

ముందుజాగ్రత్త

పై విషయాలన్నిటినీ కూర్చితే ఇంజనీరు పాటించవలసిన నియమాలు తామే వెలువడుతాయి. మొదట, శబ్ద తరంగాలతో సముద్రపు అడుగును పటం గీసి, భ్రంశాలనూ, జారుడు వాలులనూ గుర్తించాలి. తప్పించగలిగినవి తప్పించాలి. తప్పనిసరియైతే, గొట్టం సాగే కోణంలో దాటించాలి. దాటే చోట గొట్టం నిటారుగా, ఒకే మందంతో ఉండాలి. మలుపులు, కవాటాలు, కొయ్యమేకుల వంటి బిగింపులు ఆ దరిదాపుల ఉండరాదు. పూడ్చక తప్పనిచో, కాలువ వెడల్పుగా తవ్వి వదులైన ఇసుకతో తేలికగా కప్పాలి. అతుకు గొట్టం కంటే బలంగా ఉండాలి. పీడనం తగ్గగానే తమంతట మూసుకొనే కవాటాలు ఇరువైపుల దూరంగా అమర్చాలి. భూకంపం వచ్చిన తరువాత మనిషి దిగలేని లోతులకు యంత్ర వాహనాన్ని పంపి, గొట్టం ఎక్కడ వంగినది, ఎక్కడ వ్రేలాడుతున్నది కన్నులారా పరిశీలించాలి.

ఇవన్నీ ఖర్చుతో కూడిన పనులు. ఎన్నడూ రాకపోవచ్చునన్న భూకంపానికై ఇంత వ్యయమా అని ప్రశ్నించేవారు ఎప్పుడూ ఉంటారు. అలాస్కాలో దూలాలపై గొట్టం పరచినప్పుడూ అది వట్టి వ్యయంగానే కనిపించి ఉండును. ముందుజాగ్రత్తకు అదే దౌర్భాగ్యం. అది నెగ్గిన దినాన ఏమీ జరగదు, ఏమీ జరగనిదానిని ఎవరూ గమనించరు.

ఈ సందర్భంలో మన విద్యార్థులకు ఒక మనవి. ఈ శాస్త్రం కొరకు అలాస్కా పోనక్కరలేదు. ఒక చెక్కతొట్టెను మధ్యకు కోసి, రెండు సగాలు ఒకదాని ప్రక్క నొకటి జరిగేటట్లు అమర్చి, మహేంద్రతనయ ఇసుకతో నింపి, అందులో ఒక సన్నని తీగను పూడ్చి జరిపి చూడండి. ఒకసారి లోతుగా, మరొకసారి పైపైన. ఒకసారి ఈ కోణంలో, మరొకసారి ఆ కోణంలో. కొలబద్దతో కొలిచి వ్రాసుకొనండి. వడ్రంగి కూలి తప్ప అన్య వ్యయం లేని ఈ తొట్టెను విజ్ఞాన ప్రదర్శన నాటికి సమకూర్చవలసినదిగా కళాశాల సంఘం వారిని కూడ ప్రార్థిస్తున్నాను. రేపు ఈ తీరంలో గొట్టాలకు దారి గీసే బల్లల ముందు మన పిల్లలలో ఒకరిద్దరైనా కూర్చుండవలెనని ఆశించడం అత్యాశ కాదు.

ఎండు కొబ్బరి ఈనె నేర్పిన పాఠాన్నే ఉక్కు గొట్టం కూడ అనుసరిస్తున్నది. భూమి కదలికను ఆపే బలం మానవునికి లేదు. ఆ కదలికకు చోటు విడిచి, దానితోపాటు జరిగి, తెగక నిలిచే తెలివి మాత్రం ఉన్నది. బిగించి ఎదిరించినది విరుగుతుంది. చోటిచ్చి ఓర్చినది నిలుస్తుంది.